కొత్తవీధి చివర చిరుతపులి

"కొత్తవీధి" అన్న మాట చెవిని పడగానే మనకు ఏ పట్నంలోనో కొత్తగా లేచిన పేట, రెండు వైపులా మేడలు, మూలమీద కిళ్ళీకొట్టు కళ్ళముందు మెదులుతాయి. ఈ వారం నాకు ఉత్తరం రాసిన సోదరి వుంటున్న కొత్తవీధి అలాంటిది కాదు. అది గూడెం కొత్తవీధి. నర్సీపట్నం దాటి, ఘాటీ ఎక్కి, లంబసింగి చలిలో ఒకసారి వణికి, చింతపల్లి మీదుగా ఇంకా లోపలికి పోతే వచ్చే వూరు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణామీద పడి తుపాకులు పట్టుకుపోయిన నాటినుంచీ గూడెం కొండల పేరు వినని తెలుగువాడు లేడు. 2022లో ఆయన పేరిటే ఏర్పడిన జిల్లాలో ఇప్పుడా మండలం వుంది.

ఆ సోదరి భర్తకు అక్కడికి బదిలీ అయి ఏడాది దాటిందట. ఉత్తరం కొంచెం పొడుగే గాని, అసలు సంగతి ఇది:

"ఇక్కడ చలి బాగుంది, కాఫీతోటలు బాగున్నాయి, మనుషులు మరీ బాగున్నారు. వచ్చిన కొత్తలో ఏడ్చినదాన్ని, ఇప్పుడు వెళ్ళమంటే ఏడుస్తానేమో. కాని పదిరోజుల కిందట మా పెరటివెనక తోటలో చిరుతపులి కనిపించిందని మా పనిమనిషి చెప్పింది. మర్నాటినుంచి మా వీధి కుక్క కనబడలేదు. మా అమ్మాయికి 8 ఏళ్ళు. బడికి అరకిలోమీటరు నడిచిపోవాలి. బోను పెట్టించమని అర్జీ ఇద్దామంటారు మావారు. మా పక్కింటి ముసలమ్మేమో, 'అది ఎప్పుడూ వుండేదేనమ్మా, దాని దారిన అది పోతుంది' అంటుంది. రాత్రి పిల్లని దగ్గర పెట్టుకు పడుకుంటే నాకు కన్ను మూతపడటం లేదు. ఎవరి మాట వినమంటారు?"

చదివి వూరుకునే ఉత్తరం కాదిది. నేను వేటగాణ్ణి కాను. అడవిలో పులిని ఎదురుపడి చూసినవాణ్ణీ కాను. అయినా ఈ చిరుతల సంగతి పట్టించుకుని ఏళ్ళతరబడి వాటి వెనక తిరిగినవారు మన దేశంలో వున్నారు. వారు కనుక్కున్న సంగతులు ఈ తల్లికి పనికొస్తాయి. ఆమెకే కాదు, ఈ రోజుల్లో విశాఖపట్నంలో వున్న తల్లికీ, తిరుపతిలో వున్న తల్లికీ, హైదరాబాదు శివార్లలో ఇల్లు కట్టుకున్న తల్లికీ కూడా పనికొస్తాయి. ఎందుకంటే చిరుత ఇప్పుడు ఒక్క గూడెం కొండలకు చెందిన జంతువు కాదు.

ముందు ఒక పొరపాటు దిద్దుకుందాం. చిరుత అంటే చీతా కాదు. చీతా వేరు. మన దేశంలో ఆ జాతి అంతరించిపోయిందని 1952లో ప్రకటించారు. 2022లో ఆఫ్రికానుంచి తెచ్చి మధ్యప్రదేశ్‌లో వదిలినవి ఆ చీతాలు. వాటి ఒంటిమీద చుక్కలు నిండుచుక్కలు. మన చిరుత ఒంటిమీదవి పువ్వుల్లా గుండ్రంగా విచ్చుకున్న మచ్చలు. నల్లచిరుత అని వింటూంటామే, అది కూడా వేరే జాతి కాదు. రంగు ముదిరిన చిరుతే. ఎండలో పరీక్షగా చూస్తే ఆ నలుపులోనూ మచ్చలు కనిపిస్తాయి.

పెద్దపులి రాజువంటిది. దానికి పెద్ద అడవి కావాలి, పెద్ద జంతువు కావాలి, నీళ్ళు పుష్కలంగా కావాలి. ఇవి లేనిచోట అది నిలవలేదు. చిరుత అలా కాదు. అది బతకనేర్చిన జంతువు. కణుజు దొరికితే కణుజు, కొండగొర్రె దొరికితే కొండగొర్రె, అవి లేకపోతే కోతి, కుందేలు, అదీ లేకపోతే కోడి, ఆఖరికి పందికొక్కు. చెట్టెక్కుతుంది, గోడ దూకుతుంది, మనిషి నడుము ఎత్తు లేని పొదలో పగలల్లా చప్పుడు చెయ్యకుండా పడుకుంటుంది. ఇంతటి జంతువుకు అడవికీ చెరుకుతోటకీ తేడా ఏముంది? 2022 లెక్కల ప్రకారం మన దేశపు అడవుల్లో వున్న చిరుతలు సుమారు 13,874 అని అంచనా. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 569. ఇవి అడవుల్లో వేసిన లెక్కలే. చెరుకుతోటల్లో కాపురం వున్నవాటిని ఎవరు లెక్కపెట్టారు?

చెరుకుతోట అన్నది మాటవరసకు కాదు. మహారాష్ట్రలో ఇంతకుముందు అహమద్‌నగర్ అని పిలిచిన జిల్లాలో అకోలె అని ఒక ప్రాంతం వుంది. అక్కడ అడవి అంటూ చెప్పుకోదగ్గది లేదు. చెరుకు, మొక్కజొన్న, పశువులు, చదరపు కిలోమీటరుకు 300 మందికి పైగా జనం. విద్యా ఆత్రేయ అనే శాస్త్రజ్ఞురాలు తన బృందంతో అక్కడ రాత్రిళ్ళు కెమెరాలు అమర్చి చూశారు. నూరు చదరపు కిలోమీటర్లకు సుమారు 5 పెద్ద చిరుతలు వున్నట్టు తేలింది. 2013లో ఆ సంగతి ప్రకటించారు. పక్కింటివాళ్ళు పేకాడుతూంటే మనకు నిద్ర పట్టదు గాని, పక్కన పులి కాపురం చేస్తున్నా ఆ వూళ్ళవారికి ఏళ్ళతరబడి తెలియనే లేదన్నమాట! తెలియకపోవడానికి కారణం చిరుత తెలియనివ్వకపోవడమే. మనం పడుకున్నాక అది లేస్తుంది, మనం లేచేసరికి అది పడుకుంటుంది. ఒకే ఇంట్లో రెండు షిఫ్టుల ఉద్యోగుల్లాగా.

మరి అది అక్కడ ఏం తింటోందని చూస్తే, దాని తిండిలో నూటికి 39 పాళ్ళు కుక్కలే! మనం పారేసిన ఎంగిలి కుక్క తింటుంది, ఆ కుక్కను చిరుత తింటుంది. అంటే ఒక విధంగా చిరుతకు విస్తరి వేస్తున్నది మనమే. మా సోదరి ఉత్తరంలో వీధి కుక్క మాయం కావడంలో ఆశ్చర్యం లేదు.

బొంబాయి సంగతి ఇంకా చిత్రం. ఇప్పుడు ముంబయి అంటున్న ఆ మహానగరంలో సంజయ్ గాంధీ జాతీయోద్యానం అని 104 చదరపు కిలోమీటర్ల అడవి వుంది. మూడు పక్కల మేడలు, గుడిసెలు, రైళ్ళు. ఆ అడవిలో పదుల సంఖ్యలో చిరుతలున్నాయి. చీకటి పడ్డాక గోడ దాటి వచ్చి, కాలనీల మెట్లమీదినుంచి నడిచిపోవడం చాలామంది కెమెరాల్లో చూశారు. అవి ఏటా సుమారు 1500 వీధికుక్కల్ని తింటాయని, దానివల్ల జనానికి వెయ్యి దాకా కుక్కకాట్లు తప్పుతున్నాయని 2018లో కొందరు శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. పిచ్చికుక్క కాటుకు పిల్లవాణ్ణి ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తిన తల్లికి ఆ లెక్క విలువ తెలుస్తుంది.

అయితే బొంబాయిలో ఎప్పుడూ ఇంత ప్రశాంతంగా లేదు. 2004లో అక్కడ చిరుతలు వరసగా మనుషులమీద పడ్డాయి. చాలామంది చనిపోయారు. ఎందుకలా జరిగిందో తెలియాలంటే మా సోదరి భర్తగారు అడిగిన బోను దగ్గరికి రావాలి.

చిరుత కనిపించగానే మనకు తోచే మొదటి ఉపాయం బోను. పట్టుకుని, దూరంగా అడవిలో వదిలేస్తే పీడ విరగడవుతుందనుకుంటాం. చూడటానికి న్యాయంగానే వుంది. అటు పులీ చావదు, ఇటు మనకూ భయం వుండదు. మహారాష్ట్రలో జున్నర్ ప్రాంతంలో సరిగ్గా ఈ పనే చేశారు. 2001నుంచి చిరుతల్ని విరివిగా పట్టి దూరపు అడవుల్లో వదిలారు. అంతకుముందు అక్కడ మనుషులమీద దాడులు ఏడాదికి సగటున 4. పట్టి వదలడం మొదలుపెట్టాక అవి 17 అయినాయి! ప్రాణాపాయమైన దాడులూ పెరిగాయి.

కారణం ఆలోచిస్తే మనకే తెలుస్తుంది. మీ వీధిలో పుట్టి పెరిగిన కుర్రవాడికి ఏ ఇంట్లో ఎవరున్నారో, ఏ కుక్క కరుస్తుందో, ఏ సందులోంచి పోతే ఎవరికీ కనిపించకుండా ఇల్లు చేరవచ్చో తెలుసు. వాణ్ణి గోనెసంచిలో కట్టి ముక్కూ మొహం తెలియని వూళ్ళో అర్ధరాత్రి దింపేస్తే? బెదిరిపోతాడు, దారి తప్పుతాడు, ఆకలికి అడ్డమైన పనీ చేస్తాడు. చిరుతా అంతే. పైగా ఇక్కడ దాని జాగా ఖాళీ అయింది గదా, ఆ ఖాళీలోకి ఇంకో కుర్రచిరుత వస్తుంది. దానికి ఈ వూరు కొత్త, వూరికి అది కొత్త. పాత అద్దెదారుణ్ణి గెంటి, తెలియనివాణ్ణి తెచ్చిపెట్టుకున్నట్టు.

అలా వదిలిన చిరుత ఏం చేస్తుందో చెప్పే నిజమైన కథ ఒకటుంది. 2009లో మహారాష్ట్రలో ఒక పల్లెటూరి బావిలో ఒక మగచిరుత పడిపోయింది. బయటికి తీసి, దాని మెడకు సంకేతాలు పంపే పట్టీ కట్టి మాల్షేజ్ కనుమలో వదిలారు. వయసు మళ్ళినది గనక దానికి 'ఆజోబా', అంటే తాతయ్య, అని పేరు పెట్టారు. తాతయ్య ఒకచోట కుదురుగా వుండలేదు. సుమారు నెలరోజుల్లో 120 కిలోమీటర్లు నడిచి, పెద్ద రోడ్లు దాటి, రైలుపట్టాలు దాటి, వసాయి దగ్గర సముద్రపుపాయను ఈది, బొంబాయి అడవి చేరాడు. దారి పొడుగునా వూళ్ళే. ఒక్క మనిషికీ కీడు చెయ్యలేదు. రెండేళ్ళ తరువాత, 2011 డిసెంబరులో, రాత్రి రోడ్డు దాటుతూ ఏదో బండి కింద పడి చనిపోయాడు. 2014లో ఆ కథను మరాఠీలో సినిమాగా తీశారు కూడా.

సముద్రాలకు అవతల అమెరికాలోనూ ఇదే గోల. అక్కడ చిరుత లేదు, కొండసింహం వుంది. పేరుకు సింహమే గాని జూలు లేదు, గర్జన లేదు. మన ఇంటి పిల్లిలాగా గురగుర మంటుంది. లాస్ ఏంజిలిస్ అంటే సినిమావాళ్ళ వూరు గదా! ఆ వూరి నడుమ గ్రిఫిత్ పార్కు అనే కొండ వుంది. 2012లో అక్కడ ఒక మగ కొండసింహం కెమెరాకు చిక్కింది. రెండు మహా రహదారులు దాటి ఎలా వచ్చిందో దేవుడికి ఎరుక. పీ-22 అని దానికి నంబరు వేశారు. మామూలుగా ఆ జాతి మగదానికి 400 చదరపు కిలోమీటర్ల దాకా జాగా కావాలి. ఇది పాతిక కిలోమీటర్ల లోపు జాగాలో, పెళ్ళీ పెటాకులూ లేకుండా, పగలు పొదల్లో, రాత్రి జింకల వేటలో పదేళ్ళు గడిపింది. చుట్టూ లక్షలమంది. ముసలితనం వచ్చి, జబ్బుచేసి, కారు గుద్దుకుని, ఆఖరి రోజుల్లో పెంపుడు కుక్కలమీద పడింది. 2022 డిసెంబరులో వైద్యులు దానికి బాధలేని మరణం ఇచ్చారు. వూరు వూరంతా కంటతడి పెట్టి సంతాపసభ చేసింది. అలాంటి జంతువులు చావకుండా దాటడానికి అదే సంవత్సరం అక్కడ పది వరసల రోడ్డుమీదుగా మట్టి, చెట్లతో ఒక వంతెన పని మొదలుపెట్టారు. మనుషులకు కాదు, కేవలం జంతువులకు.

ఆ కొండసింహాలమీదే కాలిఫోర్నియాలో ఇంకో పరీక్ష చేశారు. అవి చంపిన జంతువు దగ్గర చిన్న యంత్రాలు దాచిపెట్టి, సింహం తిండికి రాగానే ఒకసారి కప్పల బెకబెక, ఒకసారి మనుషుల మాటలు వినిపించారు. కప్పల అరుపును అది దాదాపుగా లెక్కచెయ్యలేదు. మనిషి గొంతు వినగానే నూటికి 80 సార్లకు పైగా తిండి వదిలి పరుగెత్తింది! 2017లో ఈ సంగతి వెల్లడైంది. దీన్ని బట్టి మనం నేర్చుకోవలసింది ఏమంటే, మనం దానికి ఎంత భయపడుతున్నామో అది మనకు అంతకన్న ఎక్కువ భయపడుతోంది. ఆ భయం పోకుండా చూసుకోవడమే మన పని.

ఇంత చెప్పి, అసలు బాధను దాటవేస్తే మోసమవుతుంది. చిరుత మనుషుల్ని చంపుతుంది. చంపింది. హిమాలయాల్లో రుద్రప్రయాగ దగ్గర ఒక్క చిరుత 125 మందిని పొట్టన పెట్టుకున్నాక 1926లో జిమ్ కార్బెట్ దాన్ని కాల్చిన సంగతి చాలామంది చదివే వుంటారు. అంత దూరం ఎందుకు? మన తిరుమల కొండ వుంది. 2023 జూనులో అలిపిరి నడకదారిలో ఒక పసివాణ్ణి చిరుత నోట కరుచుకుపోయింది. జనం కేకలు వేస్తూ వెంటపడితే వదిలిపెట్టింది. స్వామి దయవల్ల పిల్లవాడు బతికాడు. ఆగస్టు 11 రాత్రి అదే దారిలో తల్లిదండ్రులకు నాలుగడుగులు ముందు నడిచిన 6 ఏళ్ళ పాప బతకలేదు. మొక్కు తీర్చుకోవడానికి బయల్దేరిన ఆ తల్లి కడుపుకోత తలుచుకుంటే కలం సాగడం లేదు. ఆ తరువాత బోనులు పెట్టి కొన్ని చిరుతల్ని పట్టుకున్నారు. 15 ఏళ్ళలోపు పిల్లల్ని మధ్యాహ్నం 2 గంటలు దాటాక కాలినడకన వెళ్ళనివ్వలేదు. భక్తుల చేతికి కర్రలిచ్చారు, గుంపులుగా పొమ్మన్నారు.

ఆ దారిలో చిరుతలు ఎందుకు మసలాయి? శేషాచలం వాటి ఇల్లు, అది ఒక కారణం. దారి పొడుగునా మనం పారేసిన తిండి ఇంకో కారణం. తిండికి పందులు, కుక్కలు, దుప్పులు చేరతాయి. వాటికోసం చిరుత చేరుతుంది. చీకట్లో, పొదపక్కన, తలెత్తు లేని ఒంటరి పిల్ల దానికి పిల్లగా కనబడదు. ఒక చిన్న జంతువుగా కనబడుతుంది. ఈ ఒక్క ముక్క తల్లులందరూ గుర్తుంచుకోవాలి. చిరుత దాడికి గురయ్యేవారిలో పిల్లలే ఎక్కువ కావడానికి కారణం అదే. ఎత్తుగా నిలబడి మాట్లాడుతూ నడిచే పెద్దమనిషి దాని లెక్కలో తిండి కాడు.

ఇక మన తెలుగునాట చిరుత లేనిదెక్కడ? విశాఖపట్నాన్ని ఆనుకుని 70 చదరపు కిలోమీటర్లు పైబడిన కంబాలకొండ అభయారణ్యం వుంది. అక్కడా చిరుత వుంది. 2024 మే నెలలో హైదరాబాదు శంషాబాదు విమానాశ్రయంలో మసలుతున్న చిరుతను పట్టి నల్లమల అడవికి పంపారు. అదే ఏడు సెప్టెంబరులో రాజమహేంద్రవరం శివార్లలో తిరిగిన ఒక చిరుత కడియం పూలతోటలదాకా వచ్చింది. గులాబీ మొక్క కొనడానికి వెళ్ళేవారికి అది మంచి ముచ్చటే! తూర్పు కనుమలన్నీ ఒకదాని వెంట ఒకటి వున్న కొండలు. మనం రోడ్డు వేసి, ఇల్లు కట్టి, కొండ తొలిచి వాటిని ముక్కలు చేశాం. చిరుత ఆ ముక్కలమధ్య నడుస్తూ మన వీధిలోకి వస్తోంది. అది వూళ్ళోకి వచ్చిందంటాం గాని, దాని దారిమీదికి వూరు వచ్చిందని చాలాసార్లు అనుకోం.

ఇప్పుడు ఆ పక్కింటి ముసలమ్మ మాటకు వద్దాం. ఆవిడ మాటలో విషయం లేకపోలేదు. ఆ కొండల్లో భగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోదులు తరతరాలుగా వుంటున్నారు. వారిలో వంశాలు వున్నాయి. కొర్రావారికి సూర్యుడు, వంతలవారికి పాము, పాంగివారికి గద్ద, గొల్లోరివారికి కోతి, కిల్లోవారికి పులి వంశపు గుర్తు. పులిని వంశంలో కలుపుకున్నవారికీ, పులి బొమ్మను కేలండరులో చూసినవారికీ తేడా వుంటుంది గదా! బొంబాయి అడవి అంచున వున్న వార్లీలు కూడా 'వాఘోబా' అని పులిదేవుణ్ణి కొలుస్తారు. పులి వుంటుంది, దానికి ఒక మర్యాద, మనకొక మర్యాద, అన్నది వారి లెక్క.

అలాగని కొండవారికి పులి అంటే బాధలేదనుకోవడం పట్నంవారి పొరపాటు. చిరుత ఒక మేకను పట్టుకుపోతే నాకు కథ, మా సోదరికి భయం. కాని ఆ మేకగల ఇల్లాలికి అది పిల్లవాడి పుస్తకాల డబ్బు, రేపటి వైద్యం, పండగ చీర. కుర్చీలో కూర్చుని 'జంతువులతో కలిసి బతకాలి' అని రాయడం సులువు. ఆ బతుకు ఖరీదు మాత్రం వాళ్ళు చెల్లిస్తున్నారు. పశువు పోయినప్పుడు ప్రభుత్వం ఇచ్చే పరిహారం వెంటనే, తిప్పించుకోకుండా చేతికందితే పులికీ మంచిది. అది అందనిచోటనే చచ్చిన పశువుకు విషం పూసి పెట్టాలన్న ఆలోచన పుడుతుంది. ఆ విషం చిరుతతో పోదు. నక్కలకూ, రాబందులకూ, పక్కవారి కుక్కలకూ అంటుతుంది. పైగా 1972నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం చిరుతను చంపడం పెద్ద నేరం.

ఒకప్పుడు చంపినవారికే బహుమానం ఇచ్చేవారు. తెల్లదొరల కాలంలో, 1875నుంచి 1925దాకా యాభై ఏళ్ళలో, బహుమానాలకోసం మన దేశంలో లక్షన్నరకు పైగా చిరుతల్ని చంపారని చరిత్రకారుల లెక్క. అయినా చిరుత పోలేదు. తుపాకీకి లొంగనిది మనం వేసిన ఎంగిలికి లొంగి మన గుమ్మంలోకి వస్తోంది. ఇంతకంటే విచిత్రం ఏముంది!

సరే, అమ్మా, మీరడిగిన దానికి నా జవాబు. మీవారి మాటా కొట్టిపారెయ్యను, ముసలమ్మ మాటా కొట్టిపారెయ్యను. చిరుత మనిషిమీద పడ్డా, పడబోయినా, అప్పుడు దాన్ని పట్టవలసిందే. జాలికి అక్కడ తావులేదు. ఆ పని అటవీశాఖది, పై అధికారి అనుమతితో చెయ్యవలసినది. కాని కనిపించినంత మాత్రాన బోను అడిగితే జున్నర్‌లో జరిగినది మీ వీధిలో జరుగుతుంది. చూసిన సంగతి, చూసిన వేళ, చోటు మాత్రం అటవీశాఖవారికి తప్పకుండా తెలియజెయ్యండి.

ఆ తరువాత ఇంటిపని. ఎంగిలి, మాంసం కొట్టు వ్యర్థాలు పెరటివెనక పారెయ్యనివ్వకండి, గొయ్యి తీసి పూడ్చండి. చలికాలంలో లంబసింగికి షికారు వచ్చేవారు మీ ఇంటికీ వస్తారు గనక వారికీ చెప్పండి, తిని పారేసి పోవద్దని. కోళ్ళగూడుకూ, మేకల కొట్టానికీ తలుపు వుంటే చాలదు, పైకప్పు వుండాలి. చిరుతకు గోడ అడ్డం కాదు. ఇంటిచుట్టూ పొదలు కొట్టించండి. పెరట్లో ఒక దీపం వెలగనివ్వండి. చీకటిపడ్డాక పిల్లల్ని ఒంటరిగా దొడ్డివైపు పంపవద్దు. ఈ ముక్క మరుగుదొడ్డి లేని ఇళ్ళవారికి మరీ ముఖ్యం. చీకట్లో వంగి కూర్చున్న మనిషి చిరుత కంటికి మనిషిలా వుండడు.

మీ అమ్మాయి బడికి ఒంటరిగా వద్దు. నలుగురు పిల్లలు కలిసి, ముందొక పెద్ద, వెనకొక పెద్ద, మధ్యలో చిన్నవాళ్ళు. గట్టిగా మాట్లాడుకుంటూ, ఎక్కాలు అప్పజెప్పుకుంటూ పొమ్మనండి. కొండవారు దారిలో ఒకరినొకరు కేకేసుకుంటూ నడవడం మీరు చూసే వుంటారు. అది ముచ్చటకోసమే కాదు, అందులో పూర్వుల జాగ్రత్తా వుంది. కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు యంత్రాలు పెట్టి కనుక్కున్నది ఆ ముసలమ్మకు ముందే తెలుసు.

ఎప్పుడన్నా ఎదురుపడితే? పరుగెత్తకూడదు. పరుగెత్తేదాని వెంటపడటం పిల్లిజాతి స్వభావం. వీపు తిప్పకూడదు. చిన్నపిల్ల పక్కన వుంటే, దానిమీదినుంచి చూపు తిప్పకుండా చప్పున చంకనెత్తుకోవాలి. చేతులెత్తి, కొంగు పైకి విప్పి పట్టుకుని, పెద్దగా కనిపిస్తూ, కేకలు వేస్తూ ఒక్కొక్క అడుగు వెనక్కి వెయ్యాలి. దానికి పోవడానికి దారి వుంటే పోతుంది. ఆ దారికి అడ్డం నిలవకూడదు. అన్నిటికంటే ముఖ్యం, వూళ్ళో చిరుత చిక్కిందని గుంపులుగా చూడబోకూడదు. ఇప్పుడు ప్రతి చేతిలోనూ కెమెరా వుంది. నలువైపులా జనం మూగి, రాళ్ళు రువ్వి, ఫోటోలు తీస్తూంటే దిక్కుతోచక మీదపడిన చిరుతలవల్ల దెబ్బలు తిన్నవారు దేశంలో ఎందరో!

మరి మీ నిద్ర సంగతి. తలుపు గడియ వేసి, దీపం పెట్టి, పిల్లని దగ్గర వేసుకుని పడుకోండి. ఆ చిరుత మీ పెరటివెనకకు నిన్న కొత్తగా వచ్చి వుండకపోవచ్చు. మీరు ఆ వూళ్ళో దిగిన మొదటి రాత్రి, చలికి ముడుచుకుని, 'ఎక్కడికి వచ్చిపడ్డానురా భగవంతుడా' అని మీరు ఏడ్చిన రాత్రి కూడా, అది ఆ కాఫీమొక్కల చాటునుంచి మీ దీపం చూసి పక్కకు తప్పుకుని పోయి వుంటుంది. ఏడాదిగా అది చేస్తున్నది అదే. ఇక మీదటా అలాగే తప్పుకుపోయేటట్టు చెయ్యడం మన చేతుల్లో చాలామట్టుకు వుంది.

మీ అమ్మాయి నేర్చుకున్న కొత్త ఎక్కం ఏమిటో ఈసారి ఉత్తరంలో రాయండి. అది దారిలో గట్టిగా చదవాలని మాత్రం మరిచిపోవద్దనండి.